దూలగొండి దురదకు సిట్రజిన్ ఎందుకు పనిచేయదు?

"గట్టు మీద దూలగొండి తగిలింది. సిట్రజిన్ వేసుకున్నా దురద తగ్గలేదు. మాత్ర నకిలీదంటారా?" అని ఒక పాఠకుడు అడిగారు. మాత్ర మంచిదే అయ్యుంటుంది. దురదే వేరే రకం.

దోమ కుడితే మన చర్మంలోని కణాలు హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనాన్ని వదులుతాయి. సిట్రజిన్ అడ్డుకునేది దాన్నే. దూలగొండి కాయ మీది గోధుమరంగు నూగుకు హిస్టమిన్‌తో పెద్దగా పనిలేదు. ఆ నూగులో మ్యూక్యునైన్ అనే ఎంజైమ్ ఉందని 1955లో షెల్లీ, ఆర్థర్ అనే పరిశోధకులు చెప్పారు. అది ప్రొటీన్లను కోస్తుంది. మాంసాన్ని మెత్తబరిచే పచ్చి బొప్పాయి పపైన్‌కు దగ్గరి చుట్టం.

కోస్తే దురదెందుకు? నాకు భలే ముచ్చటేసే సంగతి ఇదే. నరాల కొసల మీద పార్-2 అనే గ్రాహకం ఉంటుంది. మామూలు గ్రాహకం తాళం లాంటిది, తాళంచెవి బయటి నుంచి రావాలి. దీనికి మాత్రం తాళంచెవి తన ఒంటికే కట్టి ఉంటుంది, పైన ఒక తొడుగు. మ్యూక్యునైన్ ఆ తొడుగును తెంపుతుంది. బయటపడ్డ కొస వంగి తన తాళంలో తానే దూరుతుంది, నరం మోగుతుంది. తెగిన తొడుగు మళ్లీ అతకదు. కణం కొత్త గ్రాహకం పెట్టుకోవాల్సిందే.

ప్రొటీన్ కదా, వేడికి చెడుతుంది. నూగును ఆవిరిలో బాగా ఉడికిస్తే దురద దాదాపు పోతుంది. అలా చచ్చుబడ్డ నూగును హిస్టమిన్‌లో నానబెట్టి మనుషుల చర్మంలో గుచ్చి, ఆ హిస్టమిన్ దురదనూ మామూలు నూగు దురదనూ పోల్చి చూశారు. అవి చాలావరకు వేర్వేరు సి-తంతువుల (సన్నని నరాల పోగుల) గుండా వెన్నుపాముకు చేరతాయని తేలింది.

తగిలితే రుద్దకండి. టేపు అతికించి పీకి, ఆపైన కడగండి. బడిలో పిల్లలంతా ఒక్కసారిగా గోక్కుంటుంటే బాణామతి అనేముందు ఆ పక్కన దూలగొండి తీగ ఉందేమో చూడండి.

గింజ కథ వేరు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి ఈ గింజల నుంచే ఎల్-డోపాను వేరుచేశారు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుంది. దాన్ని నేరుగా ఇస్తే మెదడులోకి పోదు. ఎల్-డోపా అమైనో ఆమ్లాల దారిన లోపలికెళ్లి అక్కడ డోపమైన్ అవుతుంది. అలాగని గింజల పొడి సొంతంగా మింగకూడదు, గింజ గింజకూ మోతాదు మారుతుంది.

సాగుకు దురద లేని రకాలున్నాయి. వానలకు విత్తి, పందిరి ఎక్కిస్తే కాపు బాగుంటుంది. పచ్చిరొట్టగా దున్నినా నత్రజని నేలకే. తినాలంటే మాత్రం నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఉడికించాలి. 1989లో మొజాంబిక్‌లో సరిగా శుద్ధి చేయని గింజలు తిన్నవాళ్లకు మతి చలించింది.