పెచ్చులు ఊడితే తప్పంతా బోరు నీళ్లదేనా?

తిరుపతిలో మళ్లీ అదే పంచాయితీ. రేణిగుంట రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో స్లాబ్ పెచ్చులు ఊడి కమ్మీలు బయటపడినాయి, తుప్పు పట్టకుండా మందు కలుపుతామని డబ్బులు తీసుకుని ఎగ్గొట్టారని ఫ్లాట్ల వాళ్లు, మందు వేశాం, ఇక్కడి బోరు నీళ్లే ఉప్పు, మేమేం చేసేదని బిల్డరు. ఉప్పులో ఉండే క్లోరైడ్ కాంక్రీట్లో చేరితే కమ్మికి తుప్పు పడుతుందని ఇల్లు కట్టిన ప్రతోడికీ తెలుసు, కాబట్టి అది వదిలేసి నేరుగా 1970ల్లోకి పోదాం, ఎందుకంటే ఇవాళ్టి గొడవకి మూలం అక్కడుంది.

అప్పట్లో కాంక్రీట్ త్వరగా గట్టిపడాలని చాలా దేశాల్లో కాల్షియం క్లోరైడ్ కలిపేవాళ్లు, సిమెంట్ బరువులో 2 శాతం దాకా, అంటే 50 కిలోల బస్తాకి ఒక కిలో. చవక, పైగా సెంట్రింగ్ తొందరగా విప్పేయొచ్చు. కొన్నేళ్లు పోయాక చూస్తే లోపల కమ్మిని తినేస్తా ఉంది, బ్రిటన్ 1977లో కాంక్రీట్ నిబంధనల కోడ్ మార్చి కమ్మి ఉండే కాంక్రీట్లో దాన్ని ఆపేసింది. అంటే ఉప్పుని మనుషులే బస్తాలెక్కన పోశారు, నీళ్లు కాదు. ఆ దశకంలోనే తుప్పు ఆపే మందుగా కాల్షియం నైట్రైట్ మార్కెట్లోకి వచ్చింది. తమాషా ఏందంటే ఇదీ కాంక్రీట్‌ని త్వరగా బిగిసేలా చేస్తుంది, కానీ కమ్మికి కీడు చేయదు, కాపాడుతుంది.

కమ్మి మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఒకటుంటుంది, క్లోరైడ్ దాన్ని చించుతా ఉంటే నైట్రైట్ కుడతా ఉంటుంది, ఎవరు ఎక్కువుంటే వాళ్లదే పైచేయి. అందుకే డోసు ముఖ్యం: 30 శాతం ద్రావణమైతే క్యూబిక్ మీటరుకి 10 నుంచి 30 లీటర్లు, బస్తాకి తక్కువలో తక్కువ లీటరు పైనే. తగ్గించి వేస్తే అసలుకే ఎసరు, తుప్పంతా ఒకేచోట చేరి గుంటలు పడే ప్రమాదం ఉంది. ఇప్పుడు ఫ్లాట్ల వాళ్లు చూపిస్తున్న బిల్లు చదవండి, బస్తాకి 200 మిల్లీలీటర్ల లెక్కన లిక్విడ్. ఏ షాపులో అడిగినా చెప్తారు, అది వాటర్‌ప్రూఫింగ్ డోసు. తర్వాత అమైన్ అనే రసాయనాలతో చేసిన తుప్పు మందులు వచ్చాయి, వాటిలో కొన్నిటికి డోసు తక్కువే, కానీ ఏ రకమో బిల్లులో రాయందే ఎట్లా నమ్మేది?

నీళ్ల సంగతి కూడా లెక్కేద్దాం. మన దేశపు కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456:2000 ప్రకారం ఆర్‌సీసీకి, అంటే కమ్మి వేసిన కాంక్రీట్‌కి వాడే నీళ్లలో లీటరుకి క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు దాటకూడదు, మొత్తం కాంక్రీట్లో క్యూబిక్ మీటరుకి 0.6 కిలో దాటకూడదు. నీళ్లు ఆ 500కి నాలుగింతలు ఉప్పున్నా, 2000 మిల్లీగ్రాములు అనుకోండి, క్యూబిక్ మీటరుకి పట్టే 180 లీటర్లలో వచ్చే క్లోరైడ్ 0.36 కిలోనే. అదే పాతకాలం లెక్కన బస్తాకి కిలో కాల్షియం క్లోరైడ్ వేస్తే క్యూబిక్ మీటరుకి క్లోరైడ్ మూడు కిలోలు దాటిపోతుంది. సెంట్రింగ్ త్వరగా విప్పడానికి ఏమైనా కలిపారా అని ఫ్లాట్ల వాళ్లు అడుగుతున్నది ఇందుకే, దానికి మాత్రం ఇంతవరకు జవాబు లేదు.

బిల్డర్ మాటల్లో ఒకటి నిజం, ఆ కోడ్ ఈ మందుని తప్పనిసరి చేయలేదు, ఇక్కడ సముద్రపు గాలి కూడా లేదు. సరే, మరి దాని పేరు చెప్పి డబ్బులెందుకు తీసుకున్నట్టు? ఊడినచోట కమ్మి స్లాబ్ అడుగుకి ఆనుకునే ఉంది, సెంట్రింగ్ రేకు గీతలు కూడా కమ్మి పక్కనే కనపడతా ఉన్నాయి, కమ్మి రేకుకి ఆనకుండా కింద పెట్టే చిన్న దిమ్మెలు, అదే కవర్ బ్లాకులు, పెట్టుంటే కనీసం 15, 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ కింద ఉండాల్సింది. కమ్మి అంత బయటికి ఉంటే తుప్పు పట్టడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడే చాలు, ఉప్పు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు బిల్డర్ ప్లాస్టరింగ్ చేసిస్తానంటున్నాడు. ఉప్పున్న పాత కాంక్రీట్‌ని కొట్టేయకుండా పైపైన ప్యాచ్ వేస్తే ఆ ప్యాచ్ అంచుల్లోనే కొత్తగా తుప్పు మొదలవుతుంది, అందుకే శాంపిల్ తీసి క్లోరైడ్ టెస్ట్ రిపోర్ట్ ఇచ్చేదాకా మేస్త్రీని సెల్లార్లోకి రానిచ్చేది లేదని ఫ్లాట్ల వాళ్లు కూర్చున్నారు.