కొత్త పిస్టన్ వేశాక మొదటి కిక్: టూ స్ట్రోక్ డర్ట్ బైక్ మీద అపోహలు - వాస్తవాలు

ఈ వానల్లో గాజువాక నుంచి ఒక తమ్ముడు తన 125 సీసీ డర్ట్ బైక్‌ని ట్రాలీ ఆటోలో వేయించుకొని నా షెడ్డుకి తెచ్చాడు. కొత్త పిస్టన్, రింగు వేయించి రెండు రోజులైందట. కిక్ రాడ్డు కదలడం లేదు. సిలిండర్ విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలు. "స్టార్ట్ అయ్యాక ఏం చేశావు?" అని అడిగాను. "మూడో కిక్‌కే అందుకుందన్నయ్యా, ఆ ఆనందంలో ఫుల్‌గా రేజ్ చేశాను" అన్నాడు.

పిస్టన్ అల్యూమినియం. వేడెక్కితే ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పైగా మంట నేరుగా తగిలేది దానికే. చుట్టూ సిలిండర్ ఇంకా చల్లగా ఉండగానే పిస్టన్ ఉబ్బిపోతే మధ్యలో సందు మిగలదు. ఆ సందు మామూలుగానే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. రెండూ కలిసి వేడెక్కేలా చూసుకోవడమే మొదటి రోజు పని. చాలామంది దాన్ని వదిలేసి విన్న మాటలన్నీ పాటిస్తున్నారు.

అపోహ: గంటసేపు ఐడిల్‌లో వదిలేస్తే రన్నింగ్ ఇన్ (కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకోవడం) అయిపోతుంది.

వాస్తవం: అలా చేస్తే రింగు కూర్చోదు. మండిన గ్యాస్ ఒత్తిడి రింగు వెనక చేరి దాన్ని సిలిండర్ గోడకి నొక్కాలి. అప్పుడే గోడ మీద కావాలని పెట్టిన సన్నని హోనింగ్ గీతలతో అది ఒరుసుకొని సర్దుకుంటుంది. ఐడిల్‌లో ఆ ఒత్తిడి చాలా తక్కువ. కదలని బండికి గాలి తగలదు కాబట్టి వేడి మాత్రం పెరుగుతూ పోతుంది, ప్లగ్ నల్లబడుతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. స్టార్ట్ అయ్యాక ఐడిల్ కంటే కాస్త పైన, ఒకే చోట నిలపకుండా కొంచెం పెంచుతూ తగ్గిస్తూ రెండు మూడు నిమిషాలు. సిలిండర్ బాగా వేడెక్కగానే ఆపేయాలి. చేత్తో పట్టుకుంటే చల్లగా అనిపించేదాకా మళ్ళీ స్టార్ట్ చేయకూడదు. మన విశాఖ ఉక్కపోతలో దీనికి అరగంట పైనే పడుతుంది, తొందర పడొద్దు. రెండోసారి ఐదు నిమిషాలు, మళ్ళీ చల్లారనివ్వాలి. మూడోసారి బండి ఎక్కి రెండు, మూడు గేర్లలో సగం థ్రాటిల్ (యాక్సిలరేటర్) దాటకుండా నడపాలి. పెద్ద గేరులో ఇంజిన్‌ని మూలిగించకూడదు, ఒకే వేగంలో లాగకూడదు. లోపల నికాసిల్ అనే గట్టి పూత ఉన్న సిలిండర్ త్వరగా సర్దుకుంటుంది. ఇనుప స్లీవ్ వేసి బోరింగ్ చేయించినదైతే ఇంకాస్త ఓపిక కావాలి.

అపోహ: కొత్త ఇంజిన్ కదా, మొదటి ట్యాంకు పెట్రోల్‌లో ఆయిల్ ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిది.

ఈ ఒక్క మాట వల్ల పాడైన ఇంజిన్లు నేను చాలా చూశాను. కార్బురేటర్ జెట్ (పెట్రోల్ వెళ్ళే సన్నని రంధ్రం) లోంచి వెళ్ళే ద్రవం పరిమాణం దాదాపు మారదు. అందులో ఆయిల్ పెరిగితే పెట్రోల్ తగ్గినట్టే. మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతుంది, వేడి పెరుగుతుంది. కాపాడాలని పోసిందే ఎదురు తిరుగుతుంది. 32కి 1, అంటే 32 పాళ్ళ పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్ అయితే లీటరుకి 31 మిల్లీలీటర్లు, 40కి 1 అంటే 25. మీ బండి మాన్యువల్‌లో ఎంత రాశారో అంతే. మూతతో, కంటి అంచనాతో కలపకండి. మందుల షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతుంది, అది చాలు. ట్యాంకులో కాకుండా క్యానులో కలిపి, బాగా ఊపి పోయాలి. వాడేది టూ స్ట్రోక్ ఇంజిన్ల కోసం చేసిన 2టీ ఆయిలే అవ్వాలి. గేర్‌బాక్స్‌లో ఆయిల్ నిండుగా ఉంది కదా అనుకోవద్దు. క్రాంక్ బేరింగులకి, పిస్టన్‌కి అందేది పెట్రోల్‌తో వచ్చే ఆయిలే.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. సముద్రం పక్కన ఉన్న మనకి తేమకి కొదవ లేదు. అందుకే ఆ రోజుకి కావలసినంతే కలుపుకోండి. నెల కిందట కలిపి పక్కన పెట్టిన క్యాను కొత్త ఇంజిన్‌కి పనికిరాదు.

అపోహ: స్టార్ట్ కాకపోతే కిక్ కొడుతూనే ఉండాలి.

బిగించేటప్పుడు రాసిన ఆయిల్ పిస్టన్ కింద ఉండే క్రాంక్ కేసులో ఉంటుంది. అది పైకి వచ్చి ప్లగ్‌ని తడుపుతుంది. పెట్రోల్ ట్యాప్ కట్టేసి ప్లగ్ తీయండి. దాన్ని క్యాప్‌లో పెట్టి, రంధ్రానికి దూరంగా ఇంజిన్‌కి ఆనించి ఎర్త్ చేయండి. ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ నొక్కి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పది పదిహేను కిక్కులు కొట్టండి. రంధ్రం దగ్గర స్పార్క్ వస్తే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది, జాగ్రత్త. తర్వాత పొడి ప్లగ్ వేయండి. చల్లటి ఇంజిన్‌ని చోక్ లాగి స్టార్ట్ చేసేటప్పుడు థ్రాటిల్ తిప్పొద్దు, తిప్పితే చోక్ పని చేయదు. మొదట్లో వచ్చే దట్టమైన పొగ కూడా ఆ ఆయిలే, కాసేపటికి తగ్గుతుంది.

పొగ చూసి కంగారు పడేవాళ్ళు నిజంగా భయపడాల్సినదాన్ని మాత్రం "కొత్త ఇంజిన్ పవర్" అనుకుంటారు. థ్రాటిల్ వదిలేసినా శబ్దం కిందికి దిగకుండా పైనే నిలబడుతోందా? ఎక్కడో గాలి లాగుతోంది. క్రాంక్ సీలు, బేస్ గాస్కెట్, కార్బురేటర్ రబ్బరు, ఈ మూడింటిలో ఏదో ఒకటి కావచ్చు. వెంటనే ఆపండి. అసలు స్టార్ట్ చేయక ముందే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి సుమారు 6 పీఎస్ఐ గాలి పెట్టి, కొన్ని నిమిషాలు నిలుస్తుందో లేదో చూడాలి. దిగిపోతుంటే అతుకుల మీద సబ్బు నీళ్ళు పోయండి, బుడగలు వస్తాయి. అరగంట పని. పిస్టన్ ఖర్చుతో పోలిస్తే ఇదెంత? అయినా చేసేవాళ్ళు తక్కువ, అదే నాకు బాధ.

మన ఊరికి సంబంధించి ఒక హెచ్చరిక. మొదటి రోజే కైలాసగిరి, సింహాచలం కొండ ఎక్కి, దిగేటప్పుడు థ్రాటిల్ మూసి గేరులో వదిలేస్తారు. థ్రాటిల్ మూస్తే పెట్రోల్ దాదాపు రాదు, దానితో వచ్చే ఆయిల్ కూడా దాదాపు రాదు. ఇంజిన్ మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. దిగువకి వస్తుంటే మధ్యమధ్యలో క్లచ్ పట్టి కొద్దిగా థ్రాటిల్ ఇవ్వండి. అరకులో జెట్ సెట్ చేయించిన బండైతే బీచ్ రోడ్డుకి వచ్చాక లీన్‌గా నడుస్తుంది, ఇక్కడ గాలి చిక్కన. జెట్ మార్చాకే స్టార్ట్ చేయండి.

మొదటి రైడ్ అయ్యాక, ఇంజిన్ పూర్తిగా చల్లారాక సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేసి పిస్టన్‌ని చూడండి. గాజువాక తమ్ముడి బండికి రెండోసారి పిస్టన్ వేశాక ముగ్గురం వంగి చూశాం. ఒక్క నిలువు గీత లేదు. హెడ్ నట్లు టార్క్ రెంచితో మరోసారి సరిచూసి, ప్లగ్ తీస్తే టీ రంగులో ఉంది, అంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టే. అప్పుడే బండి తాళం అతని చేతికిచ్చాను.