సాగే దుస్తులు: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో మా కుట్టుపని దుకాణానికి గుడ్డ పట్టుకుని వచ్చేవారిలో చాలామంది దానిని రెండు చేతులతో లాగి చూపించి, ‘ఇది లైక్రా, ఎంత బిగుతుగా కుట్టినా పరవాలేదు’ అంటారు. ఆ ఒక్క మాటలోనే రెండు మూడు అపోహలు ఉన్నాయి. లెగ్గింగులు, జీన్సు, రెడీమేడ్ రవికల దాకా అన్నింటిలోనూ సాగే దారం చేరిపోయింది. ఆ దారం స్వభావం తెలియకపోవడం వల్లనే, కొన్న కొద్ది నెలలకే మోకాళ్ల దగ్గర వదులై వేలాడే బట్టలు మరమ్మతుకని మా దగ్గరకు వస్తున్నాయి. వాటిలో చాలావాటికి మరమ్మతు సాధ్యం కాదు.

అపోహ: లైక్రా అంటే పూర్తిగా సాగే దారంతో తయారైన ఒక రకం గుడ్డ.

వాస్తవం: లైక్రా ఒక వ్యాపారనామం మాత్రమే. ఆ దారాన్ని స్పాండెక్స్ అనీ, ఐరోపాలో ఎలాస్టేన్ అనీ అంటారు. మహిళల బిగుతు లోదుస్తుల్లో రబ్బరుకు బదులుగా వాడటానికి, అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1958లో దీనిని రూపొందించారు. దీనిని విడిగా కాకుండా ఎప్పుడూ మరో దారంతో కలిపే వాడతారు. జీన్సులో సాధారణంగా 1 నుంచి 3 శాతం, నూలు లెగ్గింగుల్లో 5 శాతం, ఈత దుస్తుల్లో నైలాన్‌తో కలిపి 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. మిగిలిన నూలు, పాలిస్టర్, నైలాన్ ఏదైతే, ఆ బట్ట చెమటను పీల్చడం, ఆరడం, ఒంటికి తగిలే తీరు చాలావరకు దానిని బట్టే ఉంటాయి.

అపోహ: స్పాండెక్స్ అంటే సన్నటి రబ్బరే.

వాస్తవం: రబ్బరు చెట్టు పాలకూ దీనికీ సంబంధం లేదు; ఇది పాలీయురిథేన్ జాతికి చెందిన కృత్రిమ పదార్థం. దాని అణువుల గొలుసులో మెత్తటి భాగాలు, గట్టి భాగాలు ఒకదాని తరువాత ఒకటిగా ఉంటాయి. లాగినప్పుడు, చుట్టుకుని ఉన్న మెత్తటి భాగాలు విప్పుకుంటాయి. పక్క గొలుసుల్లోని గట్టి భాగాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటం వల్ల గొలుసులు జారిపోవు. వదలగానే మెత్తటి భాగాలు మళ్లీ ముడుచుకుంటాయి. ఈ ఏర్పాటు వల్లనే ఆ దారం తన పొడవుకు ఐదారు రెట్లు సాగి కూడా దాదాపు యథాస్థితికి రాగలుగుతుంది. చెమట, ఒంటి నూనెలు తగిలి రబ్బరు పెళుసుబారినంత తొందరగా ఇది పెళుసుబారదు. సహజ రబ్బరు పడనివారికి ఈ దారంలో దాని ప్రోటీన్లు ఉండవన్నది ఊరట కలిగించే విషయమే. కానీ నడుము పట్టీలో విడిగా కుట్టే ఎలాస్టిక్ రబ్బరుది కావచ్చు కాబట్టి, వారు దానిని వేరుగా చూసుకోవాలి.

అపోహ: ఎంత ఎక్కువ సాగితే అంత మంచి గుడ్డ.

వాస్తవం: నా దృష్టిలో అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. గుడ్డ సాగడానికి స్పాండెక్స్ అవసరమే లేదు. నగరి, పుత్తూరు మరమగ్గాల మీద నేసే మామూలు నూలు గుడ్డలో పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డు దారాలు) నేరుగా ఒకదానినొకటి దాటుతాయి కాబట్టి అది నిలువుగా, అడ్డంగా సాగదు. అదే గుడ్డను ఏటవాలుగా లాగితే సాగుతుంది. ఇక బనియన్ గుడ్డను నేయరు, అల్లుతారు. ఉచ్చులు ఉచ్చులుగా ఉండే ఆ అల్లికే సాగుతుంది. తిరుప్పూరు నుంచి మన దుకాణాలకు వచ్చే టీషర్టుల్లో పూర్తి నూలువి కూడా చక్కగా సాగుతాయి, అయితే వాటి మెడపట్టీ కొన్నాళ్లకు జారిపోతుంది. సాగిన గుడ్డను వెనక్కి తేవడమే స్పాండెక్స్ చేసే అసలు పని, అందుకే కొనేటప్పుడు పరీక్షించవలసింది దానినే. గుడ్డ తాను (చుట్ట) అంచున 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, ఆ భాగాన్ని 13 సెంటీమీటర్ల దాకా లాగి అర నిమిషం పట్టుకుని వదిలి, ఒక నిమిషం ఆగి మళ్లీ కొలవండి. 10కి దగ్గరగా వస్తే తీసుకోవచ్చు. పదిన్నర దగ్గరే నిలిచిపోతే ఆ గుడ్డతో ప్యాంటు కుట్టించుకోవద్దని నేను చెబుతాను. దుకాణదారు ముఖం చిట్లించినా ఈ పరీక్ష మానవద్దు. జీన్సు గుడ్డలో స్పాండెక్స్ చాలావరకు పేకలోనే ఉంటుంది కాబట్టి, దానిని అడ్డంగా లాగి చూడాలి.

అపోహ: సాగే గుడ్డకు కొలతలు కచ్చితంగా అక్కర్లేదు.

వాస్తవం: మామూలు గుడ్డకు ఒంటి కొలత మీద కొంత వదులు కలుపుతాం; సాగే గుడ్డకు తరచుగా కొంత తగ్గిస్తాం. ఎంత తగ్గించాలన్నది ఆ తాను ఎంత సాగుతుంది, ఎంత వెనక్కి వస్తుంది అన్న రెండింటినీ బట్టి మారుతుంది కాబట్టి, ఒక గుడ్డకు వేసిన లెక్క మరో గుడ్డకు పనికిరాదు. చుట్టిన తానును విప్పి ఒక రాత్రి వదిలేయకుండా కత్తిరిస్తే, బిగువు మీద ఉన్న గుడ్డ తరువాత ముడుచుకుని పొట్టిదైపోతుంది. సూది మొన గుండ్రంగా ఉండాలి, లేకపోతే అది దారాల మధ్య నుంచి దూరకుండా వాటినే తెంపుతుంది. కుట్టు కూడా గుడ్డతో పాటు సాగే ఓవర్‌లాక్‌దో జిగ్‌జాగ్‌దో కావాలి. మామూలు తిన్నని కుట్టు వేస్తే, కూర్చున్న మొదటిసారే దారం తెగుతుంది.

అపోహ: వేడి నీళ్లు, బ్లీచ్, గట్టి ఇస్త్రీ వాడితేనే బట్ట శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: స్పాండెక్స్‌కు ప్రధాన శత్రువులు వేడి, క్లోరిన్. మిల్లులో ఈ గుడ్డను దాదాపు 180 నుంచి 195 డిగ్రీల వేడిలో సాగదీసి పట్టి ఉంచి దాని వెడల్పును స్థిరపరుస్తారు. ఇంట్లో పదే పదే ఎక్కువ వేడి తగిలితే సాగిన స్థితిలోనే అది నిలిచిపోయి, దారం బిగువు కోల్పోతుంది. ఇస్త్రీ తప్పనిసరైతే లేబుల్ మీద ఒక చుక్క ఉన్న గుర్తును, అంటే 110 డిగ్రీలను, మించవద్దు. క్లోరిన్ బ్లీచ్ అణువుల గొలుసునే తెంపుతుంది. ఈత కొలనులో వాడిన దుస్తులను బయటకు రాగానే మంచినీటిలో జాడించమనేది అందుకే. మే నెలలో మన మిద్దెల మీద కాసే ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా ఈ దారాన్ని పసుపుబార్చి బలహీనపరుస్తాయి కాబట్టి నీడన ఆరవేయడం మేలు.

అపోహ: సాగే బట్టలు తప్పకుండా చర్మవ్యాధులు తెస్తాయి.

వాస్తవం: స్పాండెక్స్ వల్లనే దద్దుర్లు రావడం అరుదు. పాలిస్టర్, నైలాన్‌లకు వేసే కొన్ని రంగులు కొందరికి పడవు. తామర వంటివి ముదరడానికి బిగుతు, చెమట, తడి తోడ్పడతాయి. అలిపిరి మెట్ల దారిన కొండ ఎక్కేవారు తడిసిన లెగ్గింగును రోజంతా ఒంటి మీదే ఉంచుకోకుండా, పైకి చేరగానే మార్చుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మచ్చలు, దురద తగ్గకపోతే చూపించుకోవలసింది చర్మవైద్యులకు.

అపోహ: ‘కాటన్’ అని రాసి ఉంటే అది పూర్తిగా నూలే.

వాస్తవం: ముందువైపు పెద్ద అక్షరాలను కాక, లోపలి కుట్టు దగ్గర ఉండే చిన్న లేబుల్‌ను చదవాలి. నూలును పైన చుట్టి స్పాండెక్స్‌ను లోపల దాచిన దారం చేతికి పూర్తి నూలులాగే తగులుతుంది. పోగును కాల్చి చూసినా, కాగితం కాలిన వాసనే ముందుగా వస్తుంది కాబట్టి, లోపలి కొద్దిపాటి స్పాండెక్స్ సులభంగా పట్టుబడదు. ఆ కొద్ది శాతమే పాత బట్టల నుంచి మళ్లీ నూలు తీసేవారికి పెద్ద చిక్కు, ఎందుకంటే దానిని వేరుచేయడం కష్టం. నూలు మట్టిలో కుళ్లిపోయినా, లోపలి స్పాండెక్స్ పోగు చాలాకాలం అలాగే మిగిలి ఉంటుంది. పాత లెగ్గింగులను ఎరువు గుంటలో వేయకుండా తుడుపు గుడ్డలుగా వాడుకోమని నేను చెప్పేది ఇందుకే.