కారు ఎన్నాళ్లకోసారి కడగాలి, ఎంతసేపు పడుతుంది: అపోహలు - వాస్తవాలు

కార్లు కడగడం, పాలిష్ చేయడం నా పని. 12 ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్నాళ్లకోసారి కడిగించాలి? ఎంతసేపు పడుతుంది? ఒక్క ముక్కలో చెప్పాలంటే, రోజూ తిరిగే కారుకి రెండు వారాలకోసారి. చేత్తో శ్రద్ధగా కడిగితే చిన్న కారుకి ముప్పావుగంట, పెద్దదానికి గంట పైనే. ఈ జవాబు విని వెళ్లాక మధ్యలో ఉండే 13 రోజులూ కారుని ఏం చేస్తారన్నదే నా టెన్షన్. నేను చూసినంతవరకు పెయింటు పాడయ్యేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: రోజూ పొద్దున్నే పొడిబట్టతో తుడిస్తే కారు కొత్తదానిలా ఉంటుంది

ఒకసారి ఒక పెద్దాయన నల్ల కారు తెచ్చారు. మూడేళ్ల బండి. నీడలో చూస్తే అద్దంలా ఉంది. ఎండలోకి తీయగానే బానెట్ మీద వెలుగు పడినచోటల్లా గుండ్రంగా, సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. "ఎవరో గీకారండి" అన్నారాయన. "రోజూ తుడుస్తారా సార్?" అని అడిగాను. "ఒక్కరోజు కూడా మానను" అని డిక్కీలోంచి బట్ట తీసి చూపించారు. మెత్తటి బట్ట, ఉతికి మడతపెట్టిందే. దాన్ని ఒక తెల్ల కాగితం మీద దులిపి, రాలినదాన్ని ఆయన వేలితోనే రాసి చూడమన్నాను. గరగరలాడింది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. నాకు నిజంగా బాధేసింది. కారుని పట్టించుకోనివాళ్లకి కాదు, అంత ప్రేమగా చూసుకున్న మనిషికి ఆ నష్టం జరిగింది.

జరిగేది ఇదీ. కారు రంగు మీద పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, దాన్నే క్లియర్ కోట్ అంటాం. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. మెరుపంతా ఆ పొరదే. గాల్లోంచి వచ్చి పడే దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, అది ఆ పొరకంటే చాలా గట్టిది. పొడిబట్టతో రుద్దినప్పుడు దుమ్ము బట్టకి అంటుకుని, కారంతా ఆ ఇసుకతోనే రుద్దినట్టవుతుంది. ఒక్కరోజుకి ఏమీ కనిపించదు. ఏడాది తిరిగేసరికి నల్ల, ముదురు నీలం, ఎరుపు కార్ల మీద బాగా బయటపడుతుంది. తెల్ల, వెండి రంగు కార్ల మీదా గీతలు ఉంటాయి, కంటికి తక్కువగా ఆనతాయి, అంతే.

పాలిష్ చేస్తే పోవా అంటారు. పోతాయి. కానీ పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీయడం. అలా ఎన్నిసార్లు అరగదీయగలం? పల్చబడిన కొద్దీ ఎండకి తట్టుకునే శక్తి తగ్గుతుంది. పొర పూర్తిగా పోయిన చోట మళ్లీ పెయింటు వేయడం తప్ప దారి లేదు.

కాబట్టి దుమ్ముని ఉండనివ్వండి. కదలకుండా పడి ఉన్న దుమ్ము పెయింటుని ఏమీ చేయదు, దాన్ని కదిలించే బట్టే గీస్తుంది. చూపుకి అడ్డొచ్చే అద్దాలు, లైట్లు, నంబర్ ప్లేటు వరకు తడిబట్టతో తుడుచుకోండి. మరీ మనసొప్పకపోతే ముందు పైపుతో నీళ్లు కొట్టి, దుమ్మంతా జారిపోయాక తడి మైక్రోఫైబర్ బట్టతో మెల్లగా అద్దుకోండి. దుమ్ము పట్టిన కారు మీద కవర్ కప్పడం కూడా ఇలాంటిదే. గాలికి కవర్ ఊగినప్పుడల్లా లోపల రాపిడే. కడిగి, ఆరిన కారుకే కవర్.

అపోహ: నెలకోసారి అంటే నెలకోసారే, తేదీ పెట్టుకుంటే చాలు

తేదీ కన్నా కారు మీద ఏం పడిందన్నది ముఖ్యం. నీడలో ఉండే, అరుదుగా తీసే కారు మూడు నాలుగు వారాలున్నా నష్టం లేదు. అదే కారు మీద ఈరోజు పక్షి రెట్ట పడితే సాయంత్రం లోపు తీసేయాలి. ఎండ గట్టిగా ఉంటే అంతసేపు కూడా ఆగకండి. రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటుంది. దానికి తోడు ఎండకి క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, రెట్ట గట్టిపడుతుంది. చల్లబడేటప్పుడు ఆ గట్టి రెట్ట ఆకారానికే పొర బిగుసుకుంటుంది. రెట్ట తీసేశాక కూడా కనిపించే ఆ మచ్చ మురికి కాదు. పెయింటు మీద పడిన గుంట అది.

తీయడంలోనూ తొందర వద్దు. ఎండిన రెట్టని గోటితో గీకితే అందులోని రేణువులే గీస్తాయి. టిష్యూనో దూదినో బాగా తడిపి దాని మీద పరిచి, ఐదు పది నిమిషాలు వదిలేయండి. నానాక పైకి ఎత్తినట్టు తీయాలి, పక్కకి లాగకూడదు. చెట్టు జిగురూ అంతే, ఎండకి ముదిరిన కొద్దీ మొండికేస్తుంది. రాత్రిపూట దూర ప్రయాణం చేసొస్తే ముందు బంపర్‌కి, అద్దానికి పురుగులు అతుక్కుని ఉంటాయి. వాటిని మర్నాడో ఎల్లుండో నానబెట్టి తీసేయండి.

సముద్రం దగ్గర తిరిగే కార్లకి, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తిరిగే కార్లకి లెక్క వేరు. వారానికోసారి కడగాలి, అదీ కింద భాగంతో సహా. పైన ఎంత మెరిసినా తుప్పు మొదలయ్యేది కిందే. బురదలో నడిపిన కారుకి చక్రాల పైన లోపలివైపు మట్టి ముద్దలుగా అంటుకుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల మాత్రం తడి పట్టుకుని ఉంటుంది. చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది.

అపోహ: వాన పడింది, ఇక కడగక్కర్లేదు

వాన పైపైన దుమ్ముని కదిలిస్తుంది, అంతే. బండ్ల పొగ, రోడ్డు నూనె కలిసి పట్టిన జిడ్డు పొర వాన నీటికి వదలదు. పైగా చినుకుతో వచ్చిన దుమ్ము ఆరాక చుక్కలు చుక్కలుగా నిలిచిపోతుంది. నేనైతే వాన వెలిశాకే కడగమంటాను. మురికి అప్పటికే నాని ఉంటుంది, పని తేలికవుతుంది.

అపోహ: కడగడం పావుగంట పని

పావుగంటలో కారు తడుస్తుంది, సబ్బు పడుతుంది, ఆరుతుంది. శుభ్రంగా కడగడం వేరు. సమయం ఎక్కడెక్కడ పోతుందో చెబుతాను.

ముందు చక్రాలు. రిమ్ముల మీద ఉండే నల్లటి పొడి బ్రేకు ప్యాడ్ల నుంచి, డిస్కుల నుంచి అరిగి పడింది. అందులో ఇనుప రజను ఉంటుంది. అందుకే చక్రాలకి వేరే బ్రష్, వేరే బకెట్. నాలుగింటికీ కలిపి 10 నిమిషాలు. తర్వాత కారంతా పైనుంచి కిందికి ఉత్త నీళ్లతో 5 నిమిషాలు. మొత్తం పనిలో ఇదే అతి ముఖ్యం. అందరూ తొందరపడేదీ ఇక్కడే. చెయ్యి తగలకుండా ఎంత మట్టి పోతే, తర్వాత బట్ట కింద గీసే మట్టి అంత తగ్గుతుంది. ఆ తర్వాత ఫోమ్ కొట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. ఆగడమంటే పని మానడం కాదు, ఆ నురగ మురికిని వదులు చేసి కిందికి జార్చుతుంది. కానీ ఆరిపోనివ్వకూడదు. అందుకే కాలే ఎండలో కడగొద్దనేది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే నీడకి మార్చి చల్లారనివ్వండి.

చేత్తో రుద్దడానికి 15 నిమిషాలు. రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో మంచినీళ్లు. ఒక భాగం రుద్దగానే బట్టని ముందు మంచినీళ్లలో జాడించి, ఆపైన షాంపూలో ముంచాలి. నాలుగైదుసార్లు జాడించాక ఆ నీళ్ల అడుగు చూడండి, ఇసుక పేరుకుని ఉంటుంది. ఒకే బకెట్ అయితే ఆ ఇసుకంతా మళ్లీ కారు మీదికే వెళ్లేది. ముందు టాప్, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం, చివర్న తలుపుల కింది భాగం. రోడ్డు మట్టి ఎక్కువగా ఉండేది కిందే కాబట్టి అక్కడికి ఆఖర్నే వెళ్లాలి. తర్వాత నీళ్లు 5 నిమిషాలు, ఆరబెట్టడం 10 నిమిషాలు. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి తడి పీల్చుకోనివ్వాలి, రుద్దకూడదు. ఇదంతా కలిపితే ముప్పావుగంట దాటుతుంది. లోపల వ్యాక్యూమ్, మ్యాట్లు, డ్యాష్‌బోర్డ్, అద్దాల లోపలివైపు కూడా అయితే ఇంకో అరగంట.

తొందరపడితే ఏమవుతుందో నాకు అనుభవమే. పని నేర్చుకున్న కొత్తలో రుద్దే గ్లవ్ చెయ్యి జారి నేల మీద పడింది. ఓసారి దులిపి అలాగే కొనసాగించాను. ఆరాక చూస్తే తలుపు మీద మూరెడు గీత, చంద్రవంకలా. దాన్ని పాలిష్‌తో సరిచేయడానికి రెండు గంటలు పట్టింది. ఆ రోజు నుంచి నేల మీద పడిన బట్ట ఆ కారుకి మళ్లీ వాడను. పక్కన ఎప్పుడూ రెండు మూడు సిద్ధంగా ఉంచుకుంటాను. మీరూ ఉంచుకోండి.

బ్రష్‌లు తిరిగే మెషీన్‌లో ఐదు నిమిషాల్లో అయిపోతుంది కదా అంటారు. అయిపోతుంది. మీకంటే ముందు వెళ్లిన కారు బురద ఆ బ్రష్‌లలో ఉందో లేదో మీకు తెలియదు. పాత బండి, గీతలు పడినా ఫర్వాలేదనుకుంటే వాడుకోండి. కొత్త నల్ల కారుకి మాత్రం నేను ఒప్పుకోను.

అపోహ: సబ్బు ఏదైతేనేం, నురగ వస్తే చాలు

గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డుని విడగొట్టడానికే తయారైంది. కారు మీద మెరుపు కోసం రాసే మైనం లాంటి వ్యాక్స్‌ని కూడా జిడ్డుగానే చూసి లాగేస్తుంది. బట్టల పొడిలో క్షార గుణం ఎక్కువ, కరగని పలుకులు గీతలు కూడా పెడతాయి. కారు షాంపూ పీహెచ్ 7కి దగ్గరగా ఉంటుంది, అంటే ఆమ్ల గుణమూ క్షార గుణమూ పెద్దగా ఉండవు, పైగా జారుడుగా ఉండి బట్టకీ పెయింటుకీ మధ్య రాపిడి తగ్గిస్తుంది. డబ్బా మీద రాసిన కొలతే వాడండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, మరకలు మిగులుతాయి.

అపోహ: కిరోసిన్, డీజిల్ రాస్తే మెరుపొస్తుంది

అది నూనె నిగనిగే. పూట గడిచేసరికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది, రబ్బరు బీడింగులు ఉబ్బి పాడవుతాయి. తారు మరకలుంటే తారు తీసే ద్రావకం బట్టకి తీసుకుని ఆ మరక మీదే అద్ది, వెంటనే షాంపూతో కడిగేయండి.

అపోహ: ప్రెషర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది

నీళ్లు కొట్టే ప్రెషర్ గన్ కారుకి కనీసం అడుగు దూరంలో ఉండాలి. దగ్గరగా పెడితే రాయి తగిలి చిట్లిన చోట పెయింటు లేచొస్తుంది, రబ్బర్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, రేడియేటర్ రేకులు వంగిపోతాయి. ఇంజిన్ మీద నేరుగా అసలు కొట్టనివ్వకండి. ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్, వైర్ల కనెక్టర్లు అన్నీ అక్కడే ఉంటాయి.

అపోహ: సిరామిక్ కోటింగ్ వేయించాం, ఇక కడగక్కర్లేదు

ఈ మాట నమ్మి డబ్బు పెట్టినవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది. అందుకే నా దగ్గర కోటింగ్ అడిగినవాళ్లకి ముందే చెప్పేస్తాను. ఈ కోటింగ్ పెయింటు మీద వేసే పల్చటి రక్షణ పొర. దాని వల్ల మురికి తేలిగ్గా వదులుతుంది, మెరుపు నిలుస్తుంది, నిజమే. కానీ దుమ్ము పడుతుంది, రెట్ట మచ్చ చేయగలదు, రాయి తగిలితే పెయింటు చిట్లుతుంది. ఒక్కోసారి నీటి మరకలు ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి. నీళ్లు గుండ్రటి చుక్కలుగా నిలబడి, ఆ చుక్క ఆరినచోట కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి వలయంగా మిగులుతాయి. బోరు నీళ్లతో ఈ సమస్య ఎక్కువ. కడిగాక నీళ్లని కారు మీద ఆరనివ్వకుండా పీల్చేయడమే మందు. కొత్త మరకలకి వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి బట్టతో అద్ది, నిమిషంలో కడిగేస్తే చాలావరకు పోతాయి. పాతబడితే పాలిషే.

అపోహ: కొత్త కారుని నెలరోజులు కడగకూడదు

ఫ్యాక్టరీలో పెయింటుని 140 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాల్చి గట్టిపరుస్తారు. మొదటి రోజు నుంచే కడుక్కోవచ్చు. వర్క్‌షాపులో మళ్లీ పెయింటు వేయించిన భాగం మాత్రం వేరు. ఆ పొరలోంచి ద్రావకాలు ఆవిరవ్వడానికి టైం పడుతుంది. వ్యాక్స్, కోటింగ్ లాంటివి నెల, రెండు నెలలు ఆగి వేయించండి. ఎన్నాళ్లన్నది పెయింటు వేసినవాళ్లనే అడిగి తెలుసుకోవడం మంచిది.

అపోహ: కడగగానే తీసుకెళ్లి పార్క్ చేయొచ్చు

బ్రేకు డిస్కులు ఇంకా తడిగా ఉంటాయి. మొదటి రెండు మూడుసార్లు బ్రేకు మామూలుగా పట్టకపోవచ్చు, ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి. నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా నడుపుతూ బ్రేకుని మెల్లగా నొక్కుతూ ఉంటే ఆ వేడికి డిస్కులు ఆరిపోతాయి. అలా చేయకుండా హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే ప్యాడ్లు అతుక్కుపోయి, మర్నాడు కారు కదిలేటప్పుడు టక్కుమని శబ్దం రావచ్చు. డిస్కు మీద కనిపించే నారింజ రంగు తుప్పు చూసి కంగారుపడకండి, నాలుగు బ్రేకులకి పోతుంది.

ఇంటికి వెళ్లాక నాలుగు తలుపులూ తెరిచి కింది అంచు తుడవండి. ఆ అంచు అడుగున నీళ్లు పోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి, మట్టితో మూసుకుపోతే తలుపు లోపలే నీళ్లు నిలిచి, లోపలి నుంచే తుప్పు పడుతుంది. తలుపు ఊపినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే కన్నం మూసుకుందని గుర్తు. ఒక అగ్గిపుల్లతో పొడిస్తే చాలు, కారిపోతాయి.