అగరొత్తి పట్టిచ్చిన చలి

చికాగో దగ్గర వందేళ్ళ నాటి చెక్క ఇల్లు కొన్నాం. మొదటి జనవరిలో హీటర్ ఆగకుండా తిరుగుతున్నా హాల్లో కూర్చుంటే పాదాలు జివ్వుమనేవి. కిటికీలు మార్పించమని చూసినవాళ్ళంతా అన్నారు. వాటి ఖరీదు విన్నాక, పూజగూట్లోంచి ఒక అగరొత్తి తీసి వెలిగించి ఇల్లంతా తిరిగాను. కిటికీల దగ్గర పొగ కాస్త వణికింది, అంతే. పైన అటక మూత కింద మాత్రం, సందులోంచి ఎవరో పీల్చేస్తున్నట్టు సర్రున లోపలికి పోయింది.

వేడిగాలి తేలిక కదా, పైకి పోతుంది. అలా అటకలోకి పోయినంత గాలీ కింద బేస్‌మెంట్ పగుళ్ళలోంచి చల్లగా లోపలికి రావాల్సిందే. చలికాలంలో ఇల్లు మొత్తం ఒక పొగగొట్టం. ఇంజనీర్లు దీన్నే ‘స్టాక్ ఎఫెక్ట్’ అంటారు. కాళ్ళు వణకడానికి కారణం నెత్తిమీది కన్నం! పైగా ఇక్కడ 1930లకు ముందు కట్టిన చాలా చెక్క ఇళ్ళలో గోడల లోపలి ఖాళీ పునాది నుంచి అటక దాకా అడ్డు లేకుండా ఉంటుంది.

అటకలో ఇన్సులేషన్‌గా, అంటే వేడి బయటికి పోకుండా, ఫైబర్‌గ్లాస్ (దూదిలాంటి గాజుపోగులు) పరిచే ఉంది మరి! అయితే అందులో చలిని ఆపేది గాజు కాదు, పోగుల మధ్య చిక్కి కదలకుండా ఉన్న గాలి. అది గాజు కన్నా 30 రెట్లకు పైగా తక్కువగా వేడిని పోనిస్తుంది. గాలి కదిలిందా, అంతా వృథా. స్వెటర్ వేసుకుని స్కూటర్ మీద వెళ్ళినట్టే. మా గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ మీద అక్కడక్కడా నల్లటి మరకలున్నాయి. బూజేమో అనుకున్నా. ఎత్తి చూస్తే ప్రతి మరక కిందా పైపు కోసమో, వైరు కోసమో కొట్టిన కన్నం. ఏళ్ళ తరబడి గాలిలోని దుమ్మును వడగట్టిన గుర్తులవి.

ముందు కన్నాలు మూశాం. చిన్నవాటికి ఫోమ్. చిమ్నీ చుట్టూ మాత్రం రేకు, మంటకు తట్టుకునే సీలెంట్. ఆ తర్వాతే ఇన్సులేషన్ మందం అడుగుకు పైగా పెంచాం.

పాత అటకలో చేయి పెట్టేముందు మాత్రం జాగ్రత్త. గులకరాళ్ళలా మెరిసే వెర్మిక్యులైట్ (ఇన్సులేషన్‌గా పోసిన ఖనిజం) కనిపిస్తే కదపకండి. మోంటానాలోని లిబ్బీ గనిలో 1990 దాకా తవ్విన సరుకులో, పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. పింగాణీ గుబ్బల మీద లాగిన పాత కరెంటు వైర్లను ఇన్సులేషన్‌తో కప్పకూడదు, వేడెక్కుతాయి. ఇల్లు బిగించాక గ్యాస్ హీటర్ పొగ వెనక్కి తన్నకుండా చూపించుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

అన్నీ అయ్యాక మళ్ళీ అగరొత్తి పట్టుకెళ్ళాను. అటక మూత కింద పొగ తిన్నగా లేచి, సీలింగ్‌కు తగిలి, తీరిగ్గా పక్కకు పరుచుకుంది. కాసేపటికి స్మోక్ అలారం మోగింది.