వెడల్పు టైర్లు వేయించే ముందు: పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీ ఎస్‌యూవీకి కంపెనీ అమర్చిన టైర్లు తీసేసి వాటికన్నా వెడల్పైనవి వేయించవచ్చా అని అడిగారు. వేయించవచ్చు. అయితే వెడల్పు ఒక్కటే పెరిగి తక్కినవన్నీ యథాతథంగా ఉండిపోవు కనుక, దేనితో పాటు ఏది మారుతుందో కాగితం మీద లెక్క చూసుకున్న తరువాతే దుకాణానికి వెళ్ళండి.

ముందుగా టైరు పక్కన అచ్చువేసి ఉండే అంకెలను చదవడం నేర్చుకోవాలి. మీ టైరు మీద 235/65 ఆర్ 17 అని ఉందనుకుందాం. 235 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 17 అనేది అంగుళాలలో రిమ్ వ్యాసం, ఆర్ అంటే రేడియల్. చాలామంది పొరబడేది 65 దగ్గర. అది కొలత కాదు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం ఉందని చెప్పే నిష్పత్తి. కాబట్టి మొదటి అంకెను పెంచి రెండోదాన్ని అలాగే వదిలేస్తే టైరు వెడల్పుతో పాటు ఎత్తు కూడా పెరుగుతుంది. ఇప్పుడున్న టైరు మొత్తం వ్యాసం సుమారు 737 మి.మీ. కాగా, 265/65 ఆర్ 17 వ్యాసం సుమారు 776 మి.మీ. ఐదు శాతానికి పైగా పెరిగిన ఈ తేడా వల్ల, సరిగ్గా చూపే మీటరు కూడా 100 చూపుతున్నప్పుడు బండి 105 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది, గేర్లన్నీ కాస్త బరువుగా లాగుతాయి. అదే 255/60 ఆర్ 17 ఎంచుకుంటే వెడల్పు 20 మి.మీ. పెరిగినా వ్యాసంలో తేడా ఒక మిల్లీమీటరైనా ఉండదు. నన్నడిగితే ఈ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోవడమే మంచిది.

తరువాత చూడవలసింది చోటు. ఒక్కో రిమ్ వెడల్పుకు ఎంత నుంచి ఎంత వరకు టైరు పడుతుందో టైరు కంపెనీలే పట్టికలు ఇస్తాయి. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కగోడలు ఉబ్బి, మలుపుల్లో టైరు అటూ ఇటూ ఒరుగుతుంది. ఆఫ్‌సెట్ (చక్రాన్ని బండికి బిగించే తలానికీ రిమ్ వెడల్పు నడిమి గీతకూ మధ్య దూరం) మారకపోతే పెరిగిన 20 మి.మీ.లో సగం లోపలికి, సస్పెన్షన్ వైపుకు జరుగుతుంది. మిగతా సగం మడ్‌గార్డు వైపుకు వస్తుంది. లోపల తగులుతోందని స్పేసర్లు (చక్రం వెనుక బిగించే లోహపు బిళ్లలు) పెట్టి చక్రాన్ని బయటికి నెట్టేవారున్నారు గాని, అలా చేస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ నడత మారుతుంది. దుకాణంలో ఖాళీ బండికి స్టీరింగ్ తిప్పి చూసి ఎక్కడా తగలడం లేదని చెప్పే మాట నాకు చాలదు. మనుషులూ సామానూ నింపి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, గతుకుల మీద మెల్లగా ముందుకూ వెనక్కూ నడిపి చూడాలి.

ఇక అసలు ఆశ, పట్టు పెరుగుతుందన్నది. టైరు నేలను తాకే వైశాల్యం ప్రధానంగా దాని మీద పడే బరువును బట్టి, లోపలి గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఆ రెండూ మారనప్పుడు వెడల్పు టైరు వల్ల వైశాల్యం పెద్దగా పెరగదు, దాని ఆకారం అడ్డంగా సాగి పొడవులో తగ్గుతుంది. పొడి రోడ్డు మీద మలుపుల్లో ఇది కొంత మేలు చేస్తుంది. నీరు నిలిచిన రోడ్డు మీద మాత్రం ఎదురుగా నెట్టవలసిన నీరు ఎక్కువ కనుక, వెడల్పు టైరు తక్కువ వేగంలోనే నీటి మీద తేలిపోవచ్చు. ఇసుకలో దిగబడకుండా ఉండాలంటే గాలి తగ్గించడమే ముఖ్యమైన ఉపాయం, ఆ పని పాత టైరుతోనూ చేయవచ్చు. మీకు కావలసింది తడి రోడ్డు మీద బ్రేకు బాగా పట్టడమే అయితే, అదే కొలతలో మేలైన రబ్బరు మిశ్రమం ఉన్న టైరు కొనండి. పైగా వెడల్పు టైరు సాధారణంగా బరువెక్కువ. ఇంధనం కొంత ఎక్కువ తాగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, గాడులు పడిన రోడ్డు మీద బండి వాటి వెంట లాగేస్తుంది.

టైరు మీద కొలత పక్కన ఉండే బరువు సూచికను మరవకండి. 104 అని ఉంటే ఆ టైరు 900 కిలోలు మోయగలదు, 100 అయితే 800 కిలోలే. కొత్త టైరు మీద ఈ అంకె పాతదానికన్నా తగ్గకూడదు. దాని పక్కనుండే, టైరు తట్టుకోగల గరిష్ఠ వేగాన్ని తెలిపే అక్షరం చెప్పే వేగం కూడా తగ్గకూడదు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి అయితే నాలుగు టైర్లూ ఒకే కొలతవి, దాదాపు ఒకే అరుగుదలవి ఉండాలి, లేకపోతే డిఫరెన్షియల్ (చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చూసే గేర్ల అమరిక) దెబ్బతినవచ్చు. స్టెప్నీ వ్యాసం కూడా వాటితో సరిపోవాలి. మార్పు సంగతి బీమా కంపెనీకి ముందే తెలియజేయండి.

టైర్లు వేయించాక గాలిని తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకెతో మొదలుపెట్టి, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. ఆపై టైరు నేలను తాకే భాగం మీద అడ్డంగా దట్టంగా సుద్దగీత గీసి, చదునైన పొడి రోడ్డు మీద కొద్ది దూరం తిన్నగా నడపండి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువైనట్టు, అంచుల్లోనే చెరిగితే తక్కువైనట్టు. ఏ ఫలితం వచ్చినా నిండు బరువుకు స్టిక్కరు చెప్పిన ఒత్తిడికన్నా తగ్గించి దూరప్రయాణానికి బయలుదేరవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న