బద్దలవుతుందని తెలిసినా ముక్కలు దొరకని సంఖ్య

147573952589676412927. 67 రెండ్లను వరుసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలే 21 అంకెల సంఖ్య ఇది. రెండు శతాబ్దాలకు పైగా దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలోనే ఉంచారు.

ఆ జాబితా ఇచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన మతాచార్యుడు మారిన్ మెర్సెన్. ఎన్ని రెండ్లను గుణించాలో చెప్పే సంఖ్యే ఘాతాంకం; 257 దాకా చూస్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 ఘాతాంకాలకు మాత్రమే ఇలాంటి సంఖ్య ప్రధానమవుతుందని 1644లో రాశాడు. రుజువు ఇవ్వలేదు. ఈ రకం ప్రధాన సంఖ్య దొరికిన ప్రతిసారీ ఒక పరిపూర్ణ సంఖ్య (తనకన్నా చిన్న భాజకాలన్నీ కూడితే తానే వచ్చేది) కూడా దొరుకుతుందని యూక్లిడ్ ఏనాడో చూపించాడు. 3 నుంచి 6, 7 నుంచి 28 అలా వచ్చినవే. అందుకే వీటిపై అంత మక్కువ.

1876లో ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వర్డ్ లూకా ఆ 21 అంకెల సంఖ్య ప్రధానం కాదని ఒక పరీక్షతో తేల్చి, 67ను జాబితాలోంచి తప్పించాడు. ఆయన పద్ధతిని 1930లో అమెరికా గణితవేత్త లెమర్ ఎంతో తేలిక చేశాడు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. దీన్నే 65 సార్లు చేయాలి. చివరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే సంయుక్త సంఖ్య. ఇందులో అసలు అద్భుతం ఏమిటంటే, ఒక్క కారణాంకం కూడా తెలియకుండానే సంఖ్య బద్దలవుతుందని నిశ్చయంగా చెప్పేయవచ్చు. ఎలా బద్దలవుతుందో మాత్రం ఈ పరీక్ష చెప్పదు.

అది తేలడానికి మరో 27 ఏళ్లు పట్టింది. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 134తో భాగిస్తే 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఇంత వడపోసినా వెతకాల్సినవి లక్షల్లో ఉంటాయి. అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ వర్గ శేషాల (వర్గ సంఖ్యలను భాగిస్తే మిగిలే శేషాల) సాయంతో వాటిని ఇంకా ఏరివేస్తూ పోయి, 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫలితం చూపించాడు:

193707721 × 761838257287

ఒక్క మాటా మాట్లాడకుండా బోర్డు మీద గుణకారం చేసి కూర్చున్నాడనీ, దీనికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయన్నాడనీ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ ముచ్చట ఎలా ఉన్నా గుణకారం మాత్రం ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు. మొదటి కారణాంకంలోంచి ఒకటి తీసేస్తే సరిగ్గా 134 × 1445580. మొదటి కారణాంకాన్ని 8తో భాగిస్తే 1, రెండోదాన్ని భాగిస్తే 7 మిగులుతాయి.

మెర్సెన్ జాబితాలో 257 కూడా తప్పే. 61, 89, 107 ఉండాల్సినవి, లేవు. అయినా ఈ రకం సంఖ్యలకు ఆయన పేరే నిలిచింది. అది న్యాయమే అనుకుంటాను: ఆయన జాబితాను సరిచూడబోయే ఇన్ని పద్ధతులు పుట్టాయి.

ప్రధానమా కాదా తేల్చడం సులువు, కారణాంకాలు పట్టుకోవడం కష్టం. ఈ తేడా మీదే 1977లో ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపిని నిర్మించారు. కోల్ సంఖ్యను ఇవాళ కంప్యూటర్ క్షణంలో విడగొడుతుంది. కానీ ఘాతాంకం 1277 తీసుకుంటే వచ్చే 385 అంకెల సంఖ్య సంయుక్తమని రుజువైనా, దాని కారణాంకం ఒక్కటీ ఇంకా దొరకలేదు.